వెలుతురు పండేదాకా

పొదిలి నుంచి వచ్చిన ఆ ఫోటోగ్రాఫరుకు తొందర అనే జబ్బు లేదు. వేళ్లతో చట్రం కట్టి అందులోంచి మనుషుల్ని చూసేవాడు. ఆపైన ఆకాశం చూసి, "వెలుతురు ఇంకా పండలేదండి," అనేవాడు.

పొలం గట్టు తగాదాతో మా నాన్నకూ బాబాయికీ ఏళ్లుగా మాటల్లేవు. కొడుకులిద్దరినీ చెరోపక్కా నిలబెట్టుకుని ఒక్క ఫోటో దిగాలని నాయనమ్మ కోరిక. ఐదు నిమిషాలకైతే సరేనని ఇద్దరూ విడివిడిగా ఒప్పుకున్నారు. అంత చిన్న పనికి నేను అంత పెద్ద కళాకారుణ్ణి పిలిచాను.

ఆయన అందర్నీ మిరప కల్లంలోకి నడిపించాడు. వెనకాల ఎరుపుంటే ఫోటోకి నిండుదనం వస్తుందట. ఆ ఘాటుకు మా కళ్లు కూడా ఎర్రబడి నిండుదనానికి తమ వంతు తోడ్పడ్డాయి.

"దగ్గరికి జరగండి. అమ్మగారి భుజం మీద చేతులెయ్యండి. నవ్వండి... ఆగండాగండి, మబ్బొచ్చింది!"

మబ్బు పోయింది. ఆయన లెన్సు తుడవడం మొదలెట్టాడు. బాబాయి గట్టిగా తుమ్మి, ఉండబట్టలేక అనేశాడు.

"అన్నయ్యా, ఈయన మనల్ని ఫోటో తీస్తాడా, కాయలతోపాటు ఎండబెడతాడా?"

"కాయలకైనా సాయంత్రానికి పట్టా కప్పుతాంరా. మన గతేంటో!" అన్నాడు నాన్న.

నాకు మాత్రం ఓపిక చచ్చిపోయింది. "ఏవండీ, ఇక తీసెయ్యండి!" అని అరిచాను.

కుర్చీలోంచే నాయనమ్మ నా చెయ్యి గిల్లింది.

"నువ్వూరుకోరా," అని నన్ను కసిరి, ఫోటోగ్రాఫరు వైపు తిరిగింది. "తొందరేం లేదు నాయనా. అదిగో, ఇంకో మబ్బొస్తోంది, చూసుకో."