గుర్రం ముక్కుపట్టీ

మా దీవిలోని అబర్డీన్ బజార్లో బ్యాగులు బాగుచేసే కొట్టు దగ్గర తడి తోలు వాసన తగిలితే, ఇప్పటికీ నా చెయ్యి చెంప మీదికి పోతుంది.

మా తాత విజయనగరంలో జట్కా గుర్రాలకు కళ్లేలు కుట్టినవాడు. ఓడెక్కి, గుర్రాలు లేని ఈ దీవికి వచ్చాక చెప్పులే కుట్టాడు. అయినా ఆదివారం వస్తే మిగిలిన తోలు నానబెట్టి, మోకాలి మీద వంచి ఆరబెట్టి, లోపల దూది కూరి, గుర్రం ముక్కు మీదికి వచ్చే మెత్తటి పట్టీ ఒకటి కుట్టేవాడు. అయిపోగానే నా చెంపకు ఆనించి అటూ ఇటూ జరిపేవాడు.

"గరుగ్గా ఉందేటమ్మా? గుర్రం సెప్పనేదు, నువ్వే సెప్పాల."

"ఈ పక్క గుచ్చుకుంతంది తాతా."

అక్కడ కుట్టు విప్పి మళ్లీ కుట్టేవాడు.

"గుర్రం ఎప్పుడొస్తాది?"

"జహాజ్ రానీ."

సోమవారానికి పట్టీ కనబడేది కాదు. గుర్రానికి పంపేశాడనుకుని, జెట్టీకి ఓడ వచ్చినప్పుడల్లా దిగే సామాన్ల మధ్య ఆ గుర్రం కోసం వెతికేదాన్ని. తాత దాన్ని విప్పేసి, ఆ తోలుతోనే జనం చెప్పులకు అతుకులు వేసేవాడని పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

ఏ ఓడలోనూ గుర్రం రాలేదు. తాత ఇక్కడ కుట్టిన పట్టీలన్నీ ఎంత మెత్తగా ఉండేవో తెలిసింది నా చెంప ఒక్కదానికే.