ఉదయగిరి లైబ్రరీలో విన్న నాలుగో పిల్ల గొంతు

అమ్మ పూజ పెట్టె అడుగున ఒక క్యాసెట్ దొరికింది. పైన నాయన రాతలో ‘శుక్రవారం హారతి’ అని ఉంది. అమ్మ పోయాక మా ముగ్గురు అక్కచెల్లెళ్లకీ ఆమె గొంతు మిగిలింది అందులోనే. ఉదయగిరిలో ఒక ప్రైవేటు లైబ్రరీ వాళ్లు పాత క్యాసెట్లు, ఫొటోలు తీసుకుని, కేటలాగ్ చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని తెలిసి, దేవుడికి దీపం పెట్టి బయలుదేరాను.

నెల్లూరులో ఆరింటి బస్సెక్కితే ఆత్మకూరు మీదుగా మూడు గంటల పైనే పడుతుంది. ఆత్మకూరు దాటాక పొలాలు పలచబడి రాళ్లు, తుమ్మచెట్లు మొదలవుతాయి. ఆపైన దుర్గం కొండ కనిపిస్తూనే ఉంటుంది గానీ ఎంతకీ దగ్గరకు రాదు. బస్టాండు నుంచి ఆటో ముప్పై రూపాయలు.

“లైబ్రరీకా? పుస్తకాల కోసరం ఇంత దూరం వచ్చినారా అక్కా! అన్నీ ఫోన్లోనే ఉండాయి గదా,” అన్నాడు డ్రైవరు.

“ఇది ఫోన్లో లేదు నాయనా,” అన్నాను.

కేటలాగ్ చేసే అమ్మాయి పేరు రిజ్వానా. “పైన రాసుండేది నమ్మం అమ్మా. మొదటి నుంచీ చివరిదాకా వింటాం. ప్రతి గొంతుకీ పేరు రాస్తాం,” అంటూ క్యాసెట్ పెట్టింది. కంప్యూటర్లోకి ఎక్కుతుండగానే ఇద్దరం విన్నాం. అమ్మ హారతి పాట. వెనక పిల్లల వంత.

“నలుగురు పిల్లలా?” అంది రిజ్వానా.

“ముగ్గురం.”

ఆమె మళ్లీ వినిపించింది. నేను, ఇద్దరు చెల్లెళ్లు. మా వెనక, ఒక్క క్షణం ఆలస్యంగా, మరో గొంతు. పాట అయ్యాక అది స్పష్టంగా అంది: “చెల్లీ, గంట నాకియ్యి.” వెంటనే నా చిన్నప్పటి గొంతు, “ఇంద.” గంట మోగింది.

నన్ను చెల్లీ అని పిలిచినవాళ్లు ఎవరూ లేరు. కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. తెరిచేసరికి క్యాసెట్లో టేపు తెగి వేలాడుతోంది.

“ఇంక కంప్యూటర్లో ఉండేదే మిగిలింది,” అంది రిజ్వానా మెల్లగా. “ఎవరిదో తెలియని గొంతుంటే ఆ ముక్క కోసేయమంటారమ్మా మా పైవాళ్లు. ఆ గొంతు పాటంతా ఉండాది. ఈ సాయంత్రం అయిదు లోపల చెప్పండి.”

పాటంతా అంటే అమ్మంతా. ఆ పాట రికార్డు చేసిన రోజు గదిలో ఉన్న పెద్దవాళ్లలో మిగిలింది మా పిన్ని ఒక్కతే. ఆ ముక్కను ఫోన్లోకి పంపించుకుని తిరుగు బస్సులో ఆత్మకూరులో దిగాను. పిన్ని వాళ్లది బజారులో పచారీ కొట్టు, వెనకే ఇల్లు.

“ఏందే, చెప్పాపెట్టకుండా? తిన్నావా?” అంది. అన్నం పెట్టాకే ఫోన్ చెవి దగ్గర పెట్టాను. నవ్వుతూ వింటోంది. గంట మోగగానే నా చెయ్యి తోసేసింది.

“ఆపు ముందు.”

“ఎవరు పిన్నీ? పక్కింటి పిల్లా?”

“తలుపులేసి రికార్డు చేసినాడు మీ నాయన. పక్కింటోళ్లు ఎట్టొస్తారు?” కొంగుతో నోరు నొక్కుకుంది. “మీ అమ్మ ఆ పొద్దే విన్నాది. మళ్లా ఆ క్యాసెట్ పెట్టనీలా. నీకు ముందు ఒక ఆడబిడ్డ పుట్టినాదమ్మా. పురిట్లోనే పోయింది. పేరు గూడా పెట్టలా.”

బయట కొట్లో ఎవరో చింతపండు అడుగుతున్నారు. నేను రిజ్వానాకు ఫోన్ చేశాను.

“పేరు లేదమ్మా. ఎవరో మాత్రం తెలిసింది.”

“మేం విచారించి తెలుసుకున్నది చదరపు బ్రాకెట్లలో రాస్తాం. ఏమని రాసేది?”

“అక్క అని రాయి.”

“ఎవరికి?”

“నాకు. నా పేరు పక్కన పెద్ద కూతురు అని ఉంటుంది చూడు. రెండో కూతురు అని మార్చు.”

అటునుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. “కోయనులే అమ్మా,” అంది.

ఇన్నేళ్లూ ఇంటికి పెద్దదాన్ననే బరువుతో నడిచాను. నాకంటే ముందు ఒకరున్నారంటే భయమేసింది, కొంత తేలికగానూ అనిపించింది. నెల్లూరు బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలి ఇవతల కూర్చున్నాను. ఎందుకని నన్ను నేను అడగలేదు.

పాత క్యాసెట్లు ఇవ్వాలనుకునేవాళ్లకు ఒక్క మాట. అవి రికార్డు చేసిన రోజున ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరినైనా వెంట తీసుకెళ్లండి. ఒంటరిగా మాత్రం వినకండి.