తాగుబోతన్న పేరు

తిమోక్ లోయలో మా పక్కిల్లు వితోమిర్‌ది. భార్య పోయాక ఇద్దరు పిల్లల్నీ తానే పెంచాడు. పెద్దవాడు దోబ్రివోయ్‌కి పద్దెనిమిదేళ్లప్పుడు మాట ముద్దగా రావడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఇంటింటా ప్లమ్ పళ్ల సారా కాచే ఊళ్లో వేరే అనుమానం ఎవరికి వస్తుంది? వితోమిర్ వాడి నోరు వాసన చూశాడు. ఏమీ రాకపోయేసరికి, "పుక్కిలించి వచ్చావా?" అని బెల్టు తీశాడు. చివరికి ఇంట్లోంచి గెంటేశాడు. వాడు మేనత్త ఇంట్లో పచ్చబడి, పొట్ట ఉబ్బి, ఇరవై నిండకుండానే పోయాడు. తాగుడుకి లివరు పోయిందని ఊరంతా అంది. నేనూ అన్నాను.

ఆరేళ్లకు చిన్నది స్తామెంక మాట తడబడింది. దానికి పదిహేడేళ్లు. సూపు చెంచా నోటికి చేరేలోపు సగం ఒలికేది. ఈసారి వితోమిర్ బెల్టు జోలికి పోలేదు.

"తాగుతున్నావా తల్లీ? నిజం చెప్పు, కొట్టను."

"లేదు నాన్నా." ఆ రెండు మాటలకే దానికి చాలాసేపు పట్టింది.

నీష్ పట్నంలోని ఆసుపత్రికి తండ్రీకూతుళ్లను నా కారులోనే తీసుకెళ్లాను. పెద్ద స్కానింగుకు నాలుగు నెలలు ఆగాలన్నారు. ఆగినా, ఆ వణుకుతో అందులో కదలకుండా పడుకోవడం దానివల్ల కాదు.

"గర్భిణులకు చేసే మిషనే, తలకీ పనికొస్తుంది," అంది నరాల డాక్టరు వుకోసావ. చెవికి ముందు, ఎముక పల్చగా ఉండే చోట జెల్లు రాసి పరికరం ఆనించింది. తెర మీద బూడిదరంగు మధ్యలో తెల్లటి మచ్చ కనిపించింది. రెండో కణత చూసింది. అక్కడా అదే.

"ఒంట్లోంచి పోవాల్సిన రాగి పోకుండా లివర్లో, మెదడులో పేరుకుంటే ఇలా మెరుస్తుంది. రక్తం, మూత్రం, కళ్లు చూశాకే ఖాయంగా చెప్తాను. ఇది పుట్టుకతో, వంశంలో వచ్చే జబ్బు. మీ ఇంట్లో చిన్నవయసులో లివరు పోయినవాళ్లు ఉన్నారా?"

"మావాడు. తాగేవాడు," అన్నాడు వితోమిర్. మళ్లీ తనే, "తాగేవాడనుకున్నాను," అన్నాడు.

"మాట ముద్దగా వచ్చేదా? చేతులు వణికేవా?"

ఆయన తలాడించాడు. "దీనికి మందుందా డాక్టరమ్మా?"

"ఉంది. జీవితాంతం వాడాలి."

"అప్పుడూ ఉందా?"

ఆవిడ స్తామెంక కణత మీది జెల్లు తుడిచింది. తర్వాత, "ఉంది," అంది.

మిగతా పరీక్షలూ అదే చెప్పాయి. ఏడాదిగా పిల్ల మాత్రలు మింగుతోంది. వణుకు కొంచెం తగ్గింది. మాట బాగుపడలేదు, పడకపోవచ్చన్నారు.

ఒక పొద్దున వితోమిర్ కొట్టు దగ్గర అందరి ముందూ, "మావాడు తాగలేదు. మీకు తెలియాలి," అన్నాడు. ఎవరమూ తలెత్తలేదు. కొట్టు నడిపే ముసలి కోసార మాత్రం, "మేం నోటితో అన్నాం వితోమిర్. కొట్టింది నువ్వు," అంది.

"అవును," అని, రొట్టె కొనకుండానే వెళ్లిపోయాడు.

అటునుంచి అటే, కొడుకుని ఉంచుకున్న చెల్లెలి ఇంటికి వెళ్లి, చివరి రోజుల్లో వాడు తన గురించి ఏమైనా అన్నాడా అని అడిగాడట.

"రోజూ ఏదో అడిగేవాడు అన్నయ్యా," అందట ఆవిడ. "మాకు అర్థమయ్యేది కాదు."