తడిగుడ్డ అత్త

చర్చిలో ఆమెను అందరూ తడిగుడ్డ అత్త అనేవారు. ముప్పై ఏళ్లుగా ప్రతి శనివారం బకెట్టులో సబ్బునీళ్లు కలుపుకుని వచ్చి, పక్క పీఠం వెనుక గోడమీద గీసిన మరియమాత ముఖం తుడిచేది. గుడ్డకు లేత గోధుమరంగు అంటేది. కొవ్వొత్తుల పొగ ఎంతకీ వదలడం లేదని ఇంకాస్త గట్టిగా రుద్దేది. తన ఇంట్లో అద్దం మీద దుమ్ము పేరుకున్నా ఆమెకు పట్టదు గానీ, ఆ ముఖం మీద ఈగ వాలితే ఊరుకునేది కాదు.

నాలుగేళ్ల కిందట ఆ ముఖం వెలిసిపోతోందని అందరి కంటా పడింది. అత్త ఒంటికాలి మీద లేచింది. ఆ గోడకు బయటివైపు కొత్తగా పూత వేసింది ఆమె సొంత తమ్ముడే, తాపీమేస్త్రి. ఆదివారం పూజ అయ్యాక, మెట్ల మీద అందరి ముందూ వాణ్ణి నిలదీసింది.

"నీ పాడు పూత వల్ల గోడకి చెమ్మెక్కి అమ్మ ముఖం పోతోంది. ఇక నా గడప తొక్కకు!"

తమ్ముడు నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి వాడు అందరికీ చెమ్మమేస్త్రి అయ్యాడు. చర్చిపని మళ్లీ వాడికి ఎవరూ ఇవ్వలేదు. అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

ఈ శనివారం ఫాదర్ పిలిపించగా బొమ్మలు బాగుచేసే చిత్రకారిణి వచ్చింది. నిచ్చెనెక్కి గోడంతా తట్టి చూసింది.

"చుక్క చెమ్మ లేదు ఫాదర్. చెమ్మే అయితే కింద నుంచి పొక్కులు లేచేవి. ఇక్కడ ముఖం ఒక్కటే పోయింది. ఎవరో ఏళ్ల తరబడి కడిగారు."

అప్పుడే అత్త బకెట్టుతో లోపలికి వచ్చింది. చిత్రకారిణి గుడ్డ అడిగి తీసుకుని, మరియమాత చెంప మీద ఒక్కసారి అద్ది, అంటిన గోధుమ మరక చూపించింది.

"అది మురికి తల్లీ, పొగ" అంది అత్త.

"కాదమ్మా. రంగు."

అత్త గుడ్డ లాక్కుని చూసింది. ముప్పై ఏళ్లు! ప్రతి వారం తన చేత్తో తానే! ఫాదర్ ఏదో ఓదార్పుగా అంటున్నారు గానీ ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆ గుడ్డ పట్టుకుని తిన్నగా తమ్ముడి ఇంటికి నడిచింది. వాడు వాకిట్లో ఇసుక జల్లిస్తున్నాడు.

"చెమ్మ కాదురా. నేనే. నేనే చెరిపేశాను."

తమ్ముడు జల్లెడ కింద పెట్టాడు.

"తెలుసక్కా."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"పూత వేసేటప్పుడే. నువ్వు పారబోసే నీళ్లలో రంగు చూశాను."

అత్తకు మొదటి దెబ్బ కంటే ఇది పెద్దది.

"మరి ఆ రోజు మెట్ల మీద నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"చెబితే నువ్వు తట్టుకునేదానివా? నాకు పోయింది ఒక్కచోట పనేగా. వేరేచోట దొరుకుతుంది."

అత్త కొంగుతో కాదు, ఆ తడిగుడ్డతోనే కళ్లు తుడుచుకుంది.

"రేపు పూజకి రా. అయ్యాక మెట్ల మీద నించో."

"ఎందుకక్కా?"

"ఆ రోజు ఎంత గట్టిగా అరిచానో, అంత గట్టిగా చెప్పాలి."