సన్నపాయలి ఫొటో

నాకు సదువు మూడో తరగతి దాంక. నా పేరు రాస్త, బస్సు మీది బోర్డు కూడబలుక్కొని సదువుత, అంతే. అందుకే ఇది నేను చెప్తుంటె ఇంకొకలు రాస్తున్నరు. అసొంటి నేను ఇంగ్లీషు పత్రికకు వ్యాసం పంపిన అంటె మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఇప్పటికీ నవ్వుతడు. నవ్వనీ. పంపిన. ఒక్కదాన్నే కాదు, ఇద్దరం కలిసి పంపినం.

రెండో ఆమె గచ్చిబౌలిల యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసే పిల్ల. గుంటూరు దిక్కుది. నేను నల్లగండ్లల ఒక అపార్ట్‌మెంటుల మెట్లు, వరండాలు తుడుస్త. పాలమూరు నుంచి మా ఆయనతోని బిల్డింగు పనికని వచ్చిన. ఆయన పోయి ఏడేండ్లాయె, నేను ఈడనే ఉండిపోయిన. పని దిగినంక పక్క ఖాళీ ప్లాటుల కూర ఏరుకొని ఇంటికి పోవుడు నా అలవాటు. నాలుగు వానలు పడితె గంగవాయిలి, చెంచలి, పొన్నగంటి, అన్నీ ఆడనే మొలుస్తయి. ఒకనాడు అట్ల ఏరుతుంటె ఈ పిల్ల స్కూటీ ఆపి, "ఆంటీ, ఇవి తింటారా అండీ?" అని అడిగింది.

"తినక దండ గుచ్చుకుంటమా?" అన్న.

ఆమె సదువు అదేనంట. ఈ అద్దాల బిల్డింగుల నడుమ కూలి చేసుకునేటోల్లు ఏ కూరలు ఏరుకొని తింటరు, ఎట్ల గుర్తు పడతరు, అని. ఆనాటి సంది రెండు వానకాలాలు నా ఎంట తిరిగింది. ఆంటీ అనుడు బంద్ జేపిచ్చి పెద్దమ్మా అనిపిచ్చిన. ఇంగ్లీషుల రాసుకున్నదంతా నాకు తెలుగుల సదివి చెప్పేది, తప్పుంటె చెప్పమనేది. చెంచలి పప్పుల వేస్తరు అని రాసిన కాడ "మా అత్తోల్ల ఊర్ల వేస్తరు, మా అమ్మోల్ల ఊర్ల వెయ్యరు" అన్న. కొట్టేసి రెండూ రాసింది. వ్యాసం మీద ఆమె పేరు పక్కన నా పేరు పెట్టింది. ఆల్ల సారు "చివర్న థాంక్స్ చెబితే సరిపోదా?" అన్నడంట. "ఆమె లేకపోతే నాకు గడ్డికీ కూరకీ తేడా తెలీదు సార్" అన్నదంట ఈ పిల్ల. సారు సరే, పెట్టుమన్నడంట.

పంపే ఆఖరి రోజు వచ్చింది. పొద్దుమూకి ఐదు గంటలకు ఆ పత్రికోల్ల సైటు బంద్ అయితదట. "ఇవాళ పోకపోతే నా థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది పెద్దమ్మా" అన్నది. మూడింటికి లాప్‌టాప్ పట్టుకొని మా సెల్లార్ల నేను అన్నం తినే బెంచీ మీదికొచ్చి కూసున్నది. ఇది మా సొంతది, ఇంకే పత్రికకూ పంపలే అని ఒక కాగితం మీద నాతోని సంతకం పెట్టిచ్చింది. ఖుషీతోని పెద్ద పెద్ద అక్షరాలల పెట్టిన. అంతల ఆమె వ్యాసం మీద మా ఇద్దరి పేర్లు తుడిపేసుడు సురూ చేసింది.

"అదేంది? సారుతోని కొట్లాడి పెట్టిచ్చినవ్, మల్ల తీస్తున్నవ్?"

"చదివి మార్కులేసే వాళ్ళకి ఎవరు రాశారో తెలీకూడదు. పేర్లు వేరే కాగితంలో పంపుతాం."

"అంటె పెండ్లికొడుకు మొకం సూడకుంట కుదుర్చుకునే సంబంధమన్నట్టు."

నవ్వింది. నవ్వుకుంటనే ఫొటోలు ఒక్కొక్కటి ఎక్కియ్యబట్టింది. తెర నిండ ఫొటో వస్తది, నేను పేరు చెప్త, ఆమె నొక్కుతది. గంగవాయిలి. చెంచలి. పొన్నగంటి. తర్వాత వచ్చిన ఫొటో చూసి ఆమె చెయ్యి పట్టుకున్న.

"బిడ్డా, ఆగు. ఇది సన్నపాయలి కాదు."

సన్నపాయలి నేల మీద పరుసుకొని ఉంటది, ఎర్ర కాడ, చిన్న చిన్న ఆకులు. దాని లెక్కనే కనిపిచ్చే మొక్క ఇంకోటి ఉంటది. తుంపితె పాలు కారుతయి, అది తినొద్దు. ఫొటోల ఉన్నది ఆ పాలు కారే మొక్క.

"మీరే కదా పెద్దమ్మా, పోయిన ఏడు ఫోన్లో చూపిస్తే అవునన్నారు."

అన్న. దాచిపెట్టుడెందుకు. ఆనాడు కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయి వచ్చిన, ఎండల ఫోను తెల్లగ కొట్టింది, సక్కగ కనిపిస్తలేదు అని చెప్పనీకి సిగ్గయింది. ఊ అన్న. అంత సదువుకున్న పిల్ల నన్ను అడుగుతుంటె కనిపిస్తలేదు అంటరా?

"ఈ ఫొటో తీసేద్దామా?" అన్నది మెల్లగ. "టైం నాలుగు అవుతోంది."

"సన్నపాయలి ఎట్ల గుర్తు పట్టాల్నో పేజీ నిండ రాసినవ్. ఫొటో లేకపోతె ఎవలు నమ్ముతరు? నేను చూపిస్త, స్కూటీ తియ్."

మేం ఏరుకునే ప్లాటుల ఇప్పుడు జేసీబీ తవ్విన గుంత ఉన్నది. ఎనక లేఅవుట్‌కు పోతె గడ్డి మందు కొట్టి ఉన్నరు, అంతా పండుబారింది. స్కూటీ మీద నా పానం నా చేతిల లేదు. ఈ పిల్ల రెండు చేతుల నడుపుతది, నేను రెండు కండ్లతోని నేలను ఎతుకుత. రోడ్డు పక్కకు కట్టే ఇంకో అపార్ట్‌మెంటు, దాని కూలోల్ల రేకుల రూములు కనపడ్డయి. ఆపమన్న. ఒక రూము ముంగట ఒకామె చాటల కూర ఏరుతున్నది. దగ్గరికి పోయి వంగి చూస్తె సన్నపాయలి.

"అక్కా, ఇది ఏడ కోసినవ్?"

"ఎందుకు, నువ్వు కోసుకపోతవా?" అన్నది చాట దగ్గరికి గుంజుకుంట.

"ఫొటో తీసుకుంటం అండీ, ఒక్క నిమిషం" అన్నది మా పిల్ల.

"కూరకు ఫొటో ఏంది? దానికేమన్న ఆధార్ కార్డు చేపిస్తరా?"

నేను నవ్వాపుకోలేకపోయిన. పాలమూరు దిక్కు మాట. మా ఊరు చెప్పిన, ఆమె ఊరు చెప్పింది, నడుమ రెండే ఊర్లు. ఇగ చాట పక్కకు పెట్టి నీళ్ళ ట్యాంకు ఎనకకు తోలుకపోయింది. నల్లా కారే కాడ తడి మట్టిల ఇంత పొదలెక్క పరుసుకొని ఉన్నది. పసుపుపచ్చ పూలు గూడ పూసినయి. నాకైతె ముద్దు పెట్టుకోబుద్ధయింది.

పక్కన పెట్టి కొలత చూపిచ్చే స్కేలు పిల్ల సెల్లార్ల మర్చిపోయి వచ్చింది. "మీ చెయ్యి పెట్టండి పెద్దమ్మా, ఆకు ఎంత ఉందో తెలుస్తుంది" అన్నది. ఒక కొమ్మ అరచేతి మీద పెట్టుకున్న. మూడు ఫొటోలు తీసింది, మొక్కకొకటి, చేతిల ఒకటి, కాడ తుంపి పట్టుకున్నది ఒకటి. తుంపిన కాడ నీళ్ళ సుక్క నిలవడ్డది, పాలు లేవు. ఈసారి నేనే ఫోను గుంజుకొని పెద్దగ చేసుకొని మూడుసార్లు చూసిన. అయినా ఊ అనలే. ఆ చాట ఆమెకు చూపిచ్చి, "ఏందిది?" అన్న.

"సన్నపాయలి. పొద్దటి సంది ఏం తాగినవ్ నువ్వు?" అన్నది.

పిల్ల ఆడనే సిమెంటు ఇటుకల మీద కూసొని సంచిల నుంచి లాప్‌టాప్ తీసి తెరిచింది. ఫోను నుంచి నెట్టు పట్టుకున్నది. తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది. పనిల నుంచి దిగిన ఆడోల్లు నలుగురు చుట్టూ చేరిన్రు. ఎవలదో పరీక్ష రిజల్ట్ అనుకున్నరు. ఐదుకు పది నిమిషాలుందనంగ గుండ్రం ఆగింది. పిల్ల నా దిక్కు చూసింది, నేను తలకాయ ఊపిన, నొక్కింది. ఇంగ్లీషుల నాలుగు లైన్లు వచ్చినయి. అందింది, ఒక నంబరు ఇచ్చిన్రు, ఇద్దరు సదివి చెప్తరు, నెలలు పడుతది అని సదివి చెప్పింది.

"ఏంది, పాసా?" అన్నది ఒకామె.

"ఇయ్యాల పరీక్ష రాసినం, అంతే" అన్న.

పిల్ల అప్పుడే ఆల్ల అమ్మకు ఫోను కలిపింది. కండ్లు తుడుచుకుంట, "అమ్మా, పంపేశాం" అన్నది.  నేను పక్క నుంచి పొడిచిన, జర గట్టిగ చెప్పు, ఈ సిమెంటు కలిపే మిక్సరు సప్పుడుల మీ అమ్మకు ఏం వినపడతది అని. మల్ల చెప్పింది.

"పెద్దమ్మా నేనూ కలిసి పంపేశాం అమ్మా. టైం ఇంకా ఉంది."