లెన్స్ మంచిగనే ఉన్నది

మూడు మాటల అబద్ధం ఒకటి ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మూడే మాటలు. బరువెంతని అడిగితే చెప్పలేను కానీ, ఎవరైనా నా ఎదుట కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటే చాలు, ఏదో పని కల్పించుకుని లేచిపోతాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చూపు మందగించిందని ఎవరన్నా నేనే పక్కకు తిరిగిపోతాను. నా భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకైతే ఏదో ఒక సాకు కలిపి చెప్తానేమోనని నా మీద నాకే అనుమానం.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో రాజలింగం కాక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. కాక అంటే సొంత చిన్నాన్న కాదు. తొర్రూరు దగ్గరి మా ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను చేరదీసి, రీలు కడగడం దగ్గర నుంచి పెళ్ళిళ్ళు తీయడం దాకా ఆరేళ్ళలో అన్నీ నేర్పిన మనిషి. ఆయనకు అప్పటికి యాభై ఎనిమిదో అరవయ్యో ఉంటాయి. నాకు ఇరవై ఏడు. పేరుకు ఆయన యజమాని, నేను పనివాణ్ణి. కానీ పెళ్ళిళ్ళ పని సగం పైగా నేనే చూసుకునేవాణ్ణి. ఆ సంగతి నాకు కాస్త ఎక్కువగానే తెలుసు.

మాది 120 రీలు కెమెరా. రీలుకు పన్నెండే ఫొటోలు. నెగెటివ్ పెద్దది కాబట్టి గోడకు పెట్టుకునేంత ఫొటో చేసినా కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనపడేవి. దానికి మూడు లెన్సులుండేవి. గ్రూపు ఫొటోలకొకటి, మామూలు వాటికొకటి, దూరం నుంచి మొహాలు తీయడానికొకటి. ఇప్పటివాళ్ళు ప్రైమ్ అంటారు, మేము బ్లాక్ లెన్స్ అనేవాళ్ళం. అది ముందుకూ జరగదు, వెనక్కూ జరగదు. మనిషి పెద్దగా కనపడాలంటే మనమే రెండడుగులు నడవాలి.

ఒక పెళ్ళిలో, సరిగ్గా పుస్తె కట్టే సమయానికి, నేను తల వంచుకుని లెన్స్ మారుస్తున్నాను. తల ఎత్తేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. అయ్యగారిని బతిమాలి, పెళ్ళికొడుకు చేత పుస్తె తాడు మళ్ళీ పట్టించి తీశాను. ఫొటోలో పెళ్ళికొడుకు నన్ను కొట్టేలా చూస్తున్నాడు. ఆ రోజు నుంచి జూమ్ కొందామని కాక ప్రాణం తోడేశాను. మూడు లెన్సుల పని ఒక్కటే చేస్తుంది, నిలబడ్డ చోటు నుంచి కదలక్కర్లేదు, రింగు తిప్పితే చాలు.

"కాళ్ళున్నయి గదరా, నడువరాదా?" అనేవాడు కాక. ఆయన వాదన అంతే. జూమ్‌లోకి వెలుతురు తక్కువ వస్తుందనీ, చీకటి ఇళ్ళలో పనికిరాదనీ కూడా అన్నాడు. అది నిజమే. నేను విననే లేదు. పోటీ స్టూడియోలు ముందుకు పోతున్నాయన్నాను, కాలం మారిందన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. నిజానికి కాలం సంగతి నాకేం తెలుసు? నాకు కావాల్సింది అందరూ తిరిగి చూసే ఆ పొడుగాటి లెన్సును మెడలో వేసుకుని పెళ్ళి పందిట్లో తిరగడం. ఆఖరికి కాక సరేనన్నాడు. జూమ్ రావాలంటే మూడు బ్లాక్ లెన్సులూ పోవాలి. ఆయన పదిహేనేళ్ళుగా వాడుతున్న మామూలు లెన్సును పాత ధోవతి గుడ్డలో చుట్టి, జర పైలం అని జాగ్రత్త చెప్పి నా చేతికిచ్చాడు. నేను హైదరాబాద్ పోయి, పాత కెమెరాలు అమ్మే దుకాణంలో మూడూ ఇచ్చేసి, వాడేసిన జూమ్ ఒకటి తెచ్చాను. వరంగల్ దగ్గరి స్టేషన్ ఘన్‌పూర్‌ను రైలు దాటేదాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి కాకకు సూత్రం చెప్పింది కూడా నేనే. ముందు రింగు పూర్తిగా తిప్పి మనిషిని దగ్గరికి గుంజు. కంటి మీద ఫోకస్ పెట్టు. ఆ తర్వాత ఎంత కావాలంటే అంత వెనక్కి పో, ఫోకస్ మారదు. కాక చిన్నపిల్లవాడిలా రెండుసార్లు చెప్పించుకుని, పెదవులతో వల్లె వేసుకున్నాడు.

వారం తిరక్కముందే నాకు తెలిసింది, మా జూమ్‌లో ఫోకస్ మారుతుందని. గోడకు పాత దినపత్రిక అంటించి ఒక రీలు తీసి చూశాను. దగ్గరికి గుంజి తీస్తే అక్షరాలు సూదిమొనల్లా ఉన్నాయి. అదే ఫోకస్‌తో వెనక్కి వచ్చి తీస్తే అలుక్కుపోయాయి. లోపల ఏదో సడలింది. ఎండలో లెన్స్ రంధ్రం చిన్నది చేసి తీస్తే ఆ ఐబు, ఆ లోపం, బయటపడదు. నీడలో, రంధ్రం పూర్తిగా తెరిచి తీస్తే పడుతుంది. రింగు తిప్పిన ప్రతిసారీ మళ్ళీ కొత్తగా ఫోకస్ పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. నేను అలా పెట్టుకోవడం మొదలుపెట్టాను. కాకకు చెప్పలేదు. చెప్తే మూడు మంచి లెన్సులు పోగొట్టి ఐబు సరుకు తెచ్చానని ఒప్పుకోవాలి. ఇవాళ కాదు, రేపు చెప్దాంలే అనుకున్నాను. పెళ్ళిళ్ళు నేనే తీస్తున్నాను కదా, ఆయన ఆ లెన్స్ ముట్టేది తక్కువే కదా అని కూడా అనుకున్నాను. ఎంత బాగా సర్దిచెప్పుకున్నానో చూడండి.

అప్పుడే వరంగల్‌లోనే ఉన్న కొత్తవాడ నుంచి కబురొచ్చింది. అక్కడి నేతగాళ్ళు ఆరుగురు కలిసి నెలల తరబడి ఒక పెద్ద జంపఖానా నేశారు. ఢిల్లీలో ఏదో ప్రదర్శనకు పంపుతున్నారు. పంపేముందు దాని ముందు అందరూ కూర్చుని ఒక ఫొటో దిగాలి. కాక వాళ్ళ నాయన ఒకప్పుడు వాళ్ళ మగ్గాల షెడ్డులోనే నేసేవాడట. చూపు పోయాక మగ్గం దిగి, చనిపోయేదాకా అరుగు మీదే కూర్చున్నాడట. కాబట్టి ఈ ఫొటో నేనే తీస్తా అన్నాడు కాక. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

షెడ్డులో కిటికీలు రెండే. జంపఖానాను వెనక దూలానికి వేలాడదీశారు. దాని ముందు ఆరుగురూ వరుసగా కూర్చున్నారు, తడి జుట్టు దువ్వుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. నేను ఒక మూల తెల్లగుడ్డ పట్టుకుని కిటికీ వెలుతురును వాళ్ళ మొహాల మీదికి తిప్పుతున్నాను. కాక స్టాండు మీద కెమెరా బిగించాడు. వెలుతురు చాలక రంధ్రం పూర్తిగా తెరిచాడు. రింగు తిప్పి, మధ్యలో కూర్చున్న పెద్దాయన కంటి మీద ఫోకస్ పెట్టాడు. ఆ తర్వాత జంపఖానా మొత్తం పట్టేలా వెనక్కి వచ్చాడు. నేను చెప్పినట్టే. అక్షరం పొల్లుపోకుండా.

మళ్ళీ ఫోకస్ పెట్టు కాకా. నాలుగు మాటలు. అవి నా నోటిదాకా వచ్చాయి. ఎందుకని అడుగుతాడు కదా? ఇంతమందిలో ఏమని చెప్పను? కొంచెమే కదా జరిగేది, బయటపడకపోవచ్చు కదా? నా అరచేతుల్లో చెమట పట్టి తెల్లగుడ్డ జారుతోంది. కాక "కదలకుండ్రి" అన్నాడు. వాళ్ళు కదల్లేదు. ఒక్కరు కూడా కదల్లేదు. పన్నెండు సార్లు నొక్కాడు. పన్నెండు సార్లూ నేను ఈసారి చెప్తాను, ఈసారి చెప్తాను అనుకుంటూ నిలబడ్డాను.

మర్నాటి రైలుకు జంపఖానా వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నెగెటివ్‌లు ఆరాయి. వెనక జంపఖానా పోగు పోగు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ముందు ఆరు మొహాలూ ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టున్నాయి. కాక పన్నెండింటినీ భూతద్దం పెట్టి చూశాడు. మొదటి నుంచి మళ్ళీ చూశాడు. తర్వాత భూతద్దం కింద పెట్టి నన్ను అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. ఐబు లెన్స్‌ల ఉన్నదా, నా కండ్లల్ల ఉన్నదా?"

ఇంత సూటిగా నన్ను జీవితంలో ఇంకెవరూ అడగలేదు. తలుపు బార్లా తెరిచి పెట్టినట్టు అడిగాడు.

"లెన్స్ మంచిగనే ఉన్నది," అన్నాను.

"అట్లనా?" అన్నాడు. నెగెటివ్‌లను కవర్లో పెడుతూ, "మా నాయినకు గిట్లనే షురువైంది. పోగు తెగితే అతుకరాకపాయె," అన్నాడు.

"ఫికర్ చెయ్యకు కాకా. దవాఖానల చూపించుకుందాం."

"వద్దు. మా నాయిన పోలేదా దవాఖానకు? ఏం జేసిండ్రు?"

ఆ మాటకు నాకేమనిపించిందో చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. హమ్మయ్య అనిపించింది. దవాఖానకు పోతే కళ్ళు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్తాడేమో, అప్పుడు లెన్స్ సంగతి బయటికొస్తుందేమో అని లోపల వణుకుతున్నాను. ఆయన రానంటే సంతోషించాను. అబద్ధం భయంతో నోరు జారిందని ఎన్నోసార్లు నన్ను నేను వెనకేసుకొచ్చాను. మరి ఈ సంతోషాన్ని ఏమని వెనకేసుకురాను?

వయసు మీద పడ్డ మనిషి, నిజంగానే చూపు కొంత తగ్గి ఉండొచ్చు కదా అంటారేమో. నేనూ ఆ గోడ చాటున చాలాకాలం దాక్కున్నాను. కానీ మర్నాడు, కాక అన్నానికి ఇంటికి పోయినప్పుడు, అదే లెన్స్, అదే దూరం, అదే పద్ధతిలో ఆరు సీసాలు వరుసగా పెట్టి నేను తీశాను. నా కళ్ళతో. సీసాలు అలాగే అలుక్కుపోయాయి. ఆ రీలు ఆరకముందే పొయ్యిలో వేశాను. కాకకు సరిచూసుకునే దారి లేదు. పక్కన పెట్టి పోల్చడానికి పాత బ్లాక్ లెన్స్ ఒక్కటున్నా ఆయన గంటలో తేల్చేసేవాడు. అవి నేనే అమ్మించాను.

కొత్తవాడ వాళ్ళు గొడవేమీ చేయలేదు. ఫొటో చూసి పెద్దాయన నవ్వాడు. "మా మొఖాలు పోతే పోనియ్ తీ రాజలింగం, జంపఖానా మంచిగ వడ్డది," అన్నాడు. కాక కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను చీకటి గదిలోకి పోయాను. ఆ రోజు తర్వాత కాక కెమెరా పట్టలేదు. నెగెటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దే పని కూడా, కంటి పని కదా అని నాకు అప్పగించాడు. స్టూడియో ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళను పలకరిస్తూ కూర్చునేవాడు. అచ్చం వాళ్ళ నాయన అరుగు మీద కూర్చున్నట్టు. రోడ్డుకు అవతల ఆగిన బస్సు బోర్డు చదివి ఏటూరునాగారం బస్సు వచ్చిందని ఎవరికో చెప్పేవాడు. అది విన్నప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోయేది. ఇప్పుడు గ్రహిస్తాడు, ఇదిగో ఇప్పుడే లేచొచ్చి నా మొహం మీద అడుగుతాడు అని ఎదురుచూసేవాణ్ణి. ఆయన రాలేదు. ఒకసారి వచ్చి, ఇవాళ మంచిగా కనపడుతోందని మాత్రం అన్నాడు. ఎండ బాగుంది కదా కాకా అన్నాను. చూశారా? ఆ రెండో అబద్ధం ఎవరూ అడగకుండానే చెప్పాను.

ఏడాదిలోపే జూమ్ బరువెక్కువని వంక పెట్టి వదిలించుకున్నాను. హైదరాబాద్ దుకాణంవాడికి మాత్రం ఐబు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ముక్కూమొహం తెలియనివాడికి చెప్పగలిగాను. మళ్ళీ ఒక బ్లాక్ లెన్స్ తెచ్చి కెమెరాకు బిగించాను. అది ఏ లోపమూ లేని లెన్స్.

తర్వాత రెండు మూడేళ్ళకు కాక కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆయనకు ఒక్కతే కూతురు, ఆ పసిదే మొదటి మనవరాలు. తొట్టెల వేసే రోజు, పాపను మొదటిసారి ఉయ్యాలలో పడుకోబెట్టే వేడుకకు, నన్ను పిలిచారు. నేను కెమెరా తీసుకెళ్ళి కాక చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకిప్పటికీ తెలియదు. ఆయన తీస్తే, ఫొటో బాగా వస్తే, నేను నోరు తెరవకుండానే అన్నీ సర్దుకుంటాయనుకున్నానేమో. పిరికివాడి లెక్కలు అలాగే ఉంటాయి. కాక కెమెరాలోకి తల వంచాడు. తొట్టెలకు రెండడుగులు దగ్గరగా నడిచాడు. రింగు నెమ్మదిగా తిప్పాడు. ఆ వేళ్ళు సరైన చోట ఆగడం నేను పక్క నుంచి చూశాను. నొక్కితే చాలు.

నొక్కలేదు. కెమెరా తిరిగి నా చేతికిచ్చాడు.

"నువ్వే తియ్ బిడ్డా. మంచిగనే కనవడ్తాంది గని, ఆ దినం గూడ నాకు మంచిగనే కనవడ్డది."

అప్పుడైనా చెప్పొచ్చు. ఇల్లంతా చుట్టాలున్నారు, పాట పాడుతున్నారు, నేను చెవిలో చెప్పినా సరిపోయేది. నేను కెమెరా తీసుకుని ఫొటో తీశాను. అది చాలా బాగా వచ్చింది. వాళ్ళింట్లో ఇప్పటికీ గోడకుంది. తన మనవరాలిని కాక ఒక్కసారి కూడా తన చేత్తో ఫొటో తీయకుండానే పోయాడు. పోయేనాటికి కూడా చూపుందాయనకు. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి గుర్తుపట్టి నన్ను పేరు పెట్టి పిలిచాడు.

నేను క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు. ఆయన తరఫున ఇంకెవరైనా, సరేలే అన్నా నేను పుచ్చుకోలేను. ఐబు లెన్స్‌లోనే ఉంది. నాకు ముందే తెలుసు. తెలిసీ, మంచి కళ్ళున్న మనిషికి ఆ కళ్ళ మీద నమ్మకం లేకుండా చేశాను. ఇంతవరకు రాసి, తలుపు వేసుకుని ఒకసారి పైకి చదువుకున్నాను. రెండుచోట్ల ఆగాను, అయినా చివరిదాకా చదివాను. నేను చేసిన పని నా నోట నా చెవులు వినడం ఇదే మొదటిసారి. కొంచెం ఊపిరి ఆడుతోంది.