మడత ఆగిన చోటు

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే ఆమెను అందరూ అట్టలక్క అనేవారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లకు కూడా అక్కే. పుస్తకాలు తిరిగిచ్చే బల్ల ఆమె గది గుమ్మం ముందే ఉండటంతో చదివినవాళ్ల విసుర్లన్నీ ముందు ఆమె చెవినే పడేవి. "ఇదేం పుస్తకమండీ, అంత ఊరించి చివరికి ఏమీ లేదు" అంటూ కుట్టినవాళ్లదే తప్పన్నట్టు మీదికొచ్చేవారు. "నేను వేసింది అట్టేనండీ, కథ కాదు" అని ఆమె నవ్వేసేది.

ఒక్క పుస్తకం విషయంలో మాత్రం నవ్వు వచ్చేది కాదు. అది తమ్ముడు రాసిన ఒకే ఒక్క నవల. ఏడేళ్లు రాశాడు. అడపాదడపా ముక్కలు చదివి వినిపిస్తే విన్నవాళ్లంతా కొండంత ఆశ పెట్టుకున్నారు. మూడు వందల కాపీలూ ఆమే కుట్టింది. తీరా చదివినవాళ్లు పెదవి విరిచారు. సగం దాకా బాగానే ఉందట, అక్కణ్ణించి తలా తోకా లేదట. తమ్ముడు మళ్లీ కలం పట్టలేదు. వాడు పోయి పన్నెండేళ్లయింది.

"ఎవరూ తీసుకెళ్లడం లేదు అట్టలక్కా, అట్టలు పనికొస్తే వాడుకో" అని ఓ రోజు లైబ్రేరియన్ లైబ్రరీలో ఉన్న ఆ నవల కాపీని ఆమె బల్ల మీద పడేశాడు. చింపడానికి ఆమెకు చేతులు రాలేదు. ఓ మూల పెట్టి ఊరుకుంది.

మర్నాడు తాళం తీసేసరికి అందులో ఒక కాగితం కింది మూల మడిచి ఉంది. ఎవరైనా పై మూల మడుస్తారు. కింది మూల మడిచేవాడు ఆమె ఎరిగినంతలో ఒక్కడే. మడత విప్పి, తడిగుడ్డ అద్ది చదును చేసింది. ఆ మర్నాటికి మడత పది కాగితాలు ముందుకు జరిగింది. గది తాళంచెవి ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఒళ్లు జలదరించింది. దయ్యమని కాదు, తన అబద్ధం గుర్తొచ్చి. కాపీలన్నీ పంచేసిన వారానికి తమ్ముడు ఎర్రబడ్డ కళ్లతో వచ్చాడు.

"అక్కా, నువ్వు చదివావా?"

"ఏకబిగిన చదివేశానురా. ఎంత బాగుందో!"

ఒక్క పేజీ చదవలేదు. నలుగురూ బాగాలేదంటున్నారు, తనకూ నచ్చకపోతే వాడి మొహం ఎలా చూడాలోనని పుస్తకం తెరవడానికే భయపడింది. వాడు ఆమె మొహంలోకి కాసేపు చూసి, "సరేలే అక్కా" అని వెళ్లిపోయాడు. ఆ అబద్ధం పట్టుకోవడానికే ఇప్పుడు వచ్చాడని ఆమె భయం.

నాలుగు రోజులకు మడత సగం దాకా వచ్చి ఆగింది. ఎన్నిసార్లు చదును చేసినా తెల్లారేసరికి అదే కాగితం, అదే మూల. వారం గడిచేసరికి అక్కడ గోటితో కసిగా నొక్కినట్టు కాగితం తెగింది.

"చదవాలి, అంతేగా? చదువుతాలేరా" అని ఖాళీ గదితో అని, మొదటి పేజీ తెరిచింది.

మడత దాకా బాగానే సాగింది. అక్కడ పడవలో ఏరు దాటుతున్న కుర్రాడు, కాగితం తిప్పగానే ఆసుపత్రి మంచం మీద ముసలివాడయ్యాడు. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది.

పేజీలకు అంకెలు లేవు. కథలో పడ్డవాడికి లెక్కెందుకని తమ్ముడే వద్దన్నాడు. అచ్చాఫీసు నుంచి పదహారేసి పేజీల ఫారాలు పది కట్టలుగా వచ్చాయి, కట్టకో అంకె చీటీ. ఆరో చీటీ, తొమ్మిదో చీటీ తలకిందులై ఉన్నాయి, ఆమె చూసుకోలేదు. మూడు వందల కాపీల్లోనూ ఆరో ఫారం చోట తొమ్మిదోది, తొమ్మిదో దాని చోట ఆరోది కుట్టేసింది.

ఒక్కసారి చదివి ఉంటే తెలిసిపోయేది. ఫారాలు తారుమారయ్యాయని వాడికి ఆ రోజే తెలుసు. 'ఎంత బాగుందో' అని ఆమె అనగానే, ఆ తప్పు అక్కదేనని చెప్పలేక నోరు కట్టేసుకుని, చేతకాని రచయితనన్న పేరు మోస్తూ పోయాడు. అట్టలక్క బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత దారం కోసి, ఫారాలు సరిచేసి, మళ్లీ కుట్టింది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా చివరి దాకా చదివింది. ముగించేసరికి పొద్దు వాలుతోంది.

"ఇప్పుడు నిజంగా చదివానురా" అంది పైకే. "చివర్లో ఏడిపించావు. మధ్యలో మాత్రం కాస్త సాగదీశావు."

ఆమె భుజం వెనక, బాగా దగ్గరగా, ఉక్రోషంగా వినిపించింది.

"ఎక్కడ?"

ఆమె వెనక్కి తిరగలేదు. ఏడో ఫారం తెరిచి చూపించింది.